ముంగిటి గచ్చు – సీమ వాన



వానలు లేని సీమలో వాన వలన చెడిపోవు గచ్చులను గూర్చి ప్రసంగింప బూనుట వింతగా తోచవచ్చును. అనంతపురపు మెట్టసీమలో ఏడాది మొత్తముమీద కురియు వాన సగటున సుమారు 55 సెంటీమీటర్లు. పాత లెక్కలో చెప్పవలెనన్న 22 అంగుళములు. నైరృతి మేఘములు పడమటి కనుమల కావలనే తమ బరువు దించుకొని వచ్చును. ఈశాన్య మేఘములు సముద్రతీరమున కురిసి, మన యొద్దకు చేరునప్పటికి వట్టిపోయిన ఆవులవలె నుండును. ఇట్టి చోట నీటివలన కట్టడములు చెడుట యేమని మీలో కొందఱు నవ్వుకొనవచ్చును. అయినను మీ యూరి వీథిలో పోసిన సిమెంటు బాటను, మీ ఇంటి ముంగిట ట్రాక్టరు నిలుపుటకై వేయించిన గచ్చును ఒకమాఱు వంగి చూడుడు. పగులు లేనివి ఎన్ని కలవు? కుంగనివి ఎన్ని కలవు? ఎండవలన పగిలినదని బేల్దారి చెప్పును; సిమెంటు మంచిది కాదని ఇంటివాడు చెప్పును. రెంటను కొంత నిజము కలదు. కాని నేను చూచినంతవఱకు ఎక్కువ గచ్చులు చెడినది పైనుండి కాదు, అడుగునుండి, చెఱచినది నీరు.

కోనసీమ నేల సంవత్సరములో ఎక్కువ కాలము తడిసియే యుండును. తడిసిన నేలకును ఒక నిలుకడ కలదు. మన నేల కట్టిది కాదు. ఎనిమిది నెలలు ఎండి, పిమ్మట ఒక్క రాత్రిలో ఏడాది వానలో ఆఱవపాలు మీద పడినచో దాని గతి యేమి? ఉరవకొండ, తాడిపత్రి ప్రాంతముల రేగడి నేల వేసవిలో చేయి దూరునంతటి నెర్రెలు విచ్చును. వాన పడగానే ఆ నెర్రెలు నీరు త్రాగి పూడుకొనును. నేల ఉబ్బి, తనమీద నున్న దేదైనను పైకెత్తును. మరల ఎండినప్పుడు క్రిందికి జాఱును. ఎఱ్ఱనేల ఇట్లు ఉబ్బదు గాని, దానిలోని సన్నని మన్ను నీటితో కొట్టుకొనిపోయి గరుసు మాత్రము మిగులును. మీది కట్టడము క్రింద డొల్ల యేర్పడును. ఏడాది పొడవున తడియు సీమకంటె అప్పుడప్పుడు తడియు సీమలోనే గచ్చు వేయువానికి ఎక్కువ జాగరూకత వలయును. ఈ సంగతి మన పూర్వులెఱుగుదురు. వారెఱిగిన తెఱగును, దానిని మనము మఱచిన తెఱగును చెప్పుటయే నా యుద్దేశము.

మొట్టమొదట మన ముంగిళ్ళు ఎట్లుండెడివి? మీరు నాకంటె బాగుగా నెఱుగుదురు. మట్టి మిద్దె, దానిమీద చవుడు. చవుటిమన్ను పైకి చూచుటకు పనికిమాలినది, పైరు పండదు. అయినను అదే మన్ను మిద్దెమీద పఱచి తొక్కినచో వాననీటిని లోపలికి దిగనీయదు. వానలు రాకముందే ప్రతి యేట ఆ చవుడు కొంత క్రొత్తగా పఱచుట కాపురస్థుల ధర్మము. మిద్దె క్రింద జగిలి, జగిలి క్రింద ముంగిలి. ముంగిటిని గరుసుతో మెత్తి, దిమ్మిసతో కొట్టి, పేడనీటితో అలికెడివారు. ఇల్లాలు తెల్లవాఱకముందే లేచి కల్లాపి చల్లుటను మనము ఆచారముగనే చూచితిమి గాని, దానివలన ఆ నేల దినదినము కొంచెము తడిసి, ఒక్కమాఱుగ ఎండక, బీటలు వాఱక నిలిచెడిదని గమనింపలేదు. ఇంటి గోడనుండి వీథివైపునకు వాలు తప్పక యుండెడిది. ముగ్గు పెట్టిన చోటనే నీరు నిలిచినచో ఇల్లాలు ఊరకుండునా?

కలిగినవారు తాడిపత్రి బండలు పఱపించెడివారు. ఈ నాపరాళ్ళ పని చూడదగినది. క్రింద గరుసు, దానిమీద ఇసుక, దానిమీద బండ. బండకును బండకును నడుమ సన్నని సందు విడుతురు. నేల ఉబ్బినప్పుడు బండలు దేనికవి కొంచెము కదలి మరల కూర్చుండును. ఏ బండయైన కుంగినచో గడ్డపారతో లేపి, క్రింద గరుసు క్రుక్కి, మరల దింపుదురు. అర్ధదినపు పని. ఈ బండల మరమ్మతులోని కిటుకు అంతయు అడుగుననే యున్నది. పైబండకు ఎవడును పూత పూయడు. దీనిని జ్ఞాపకమునందుంచుకొనుడు, ముందు దీనితో పని కలదు.

ఇక సున్నపు గచ్చు. రాయలనాటి కట్టడములలో, పెనుకొండలో, లేపాక్షిలో, గుత్తికోటలోని నీటి తావులలో మన పెద్దలు వాడిన దిదియే. సున్నపురాతిని బట్టీలో కాల్చినపుడు దానిలోని బొగ్గుపులుసు వాయువు వెడలిపోవును. మిగిలిన పొడిసున్నమును నీట తడిపి గుంతలో దినములకొలది నానవేయుదురు. నానిన సున్నమును ఇసుకతోను, ఇటుక పొడితోను కలిపి గానుగలో నూఱుదురు. ఎద్దు త్రిప్పు రాతిచక్రము గుండ్రని కాలువలో తిరుగుచుండ సున్నము వెన్నవలె అగును. కరక్కాయ నానబెట్టిన నీరు, బెల్లపు నీరు అందు చేర్తురు. ఈ సున్నము గాలిలోని బొగ్గుపులుసును మెల్లమెల్లగా మరల పీల్చుకొని రాయిగా మాఱును. ఇటుక పొడి చేరుటవలన నీటిలో కూడ గట్టిపడు గుణము వచ్చును. రోమకులు వెసూవియస్ పర్వత ప్రాంతపు బూడిదమన్నును సున్నముతో కలిపి యీ ఫలమునే సాధించిరి. సుమారు 1,900 ఏండ్ల క్రిందట వారు కట్టిన పాంథియను గుడి గుమ్మటము నేటికిని నిలిచియున్నది. అది కాంక్రీటే, ఇనుము లేని కాంక్రీటు.

సంస్కృతము చదివినవాడనగుటచే ఇచ్చట వరాహమిహిరుని తలపక పోజాలను. క్రీస్తుశకము ఆఱవ శతాబ్దమున ఆయన రచించిన బృహత్సంహితలో వజ్రలేపమని ఒక యధ్యాయము కలదు. తుమికి కాయలు, వెలగ కాయలు, బూరుగు పూవులు, వస మొదలగువానిని నీటిలో వేసి, ఎనిమిదవ పాలు మిగులువఱకు కాచి, గుగ్గిలము వంటి జిగురులు చేర్చి, వేడిగానున్నపుడే పూయవలెనని విధించెను. ఆ లేపము కోటి సంవత్సరములు నిలుచునట. అంతకాలము వేచి పరీక్షించువాడెవడు? ఆ మాట యటుండనిండు. కట్టడము నిలుచుటకు పదార్థమొక్కటియే చాలదనియు, దానిని చేయు క్రమమును ఓర్పును వలయుననియు ఆ యధ్యాయము తెలుపుచున్నది. సున్నపు గచ్చు వేయుటలోను అంతే. పఱచిన గచ్చును కొయ్య పలకలతో కూలివాండ్రు వరుసగా కూర్చుండి, పాడుకొనుచు, దినములకొలది కొట్టెడివారు. కొట్టినకొలది లోని నీరు పైకి వచ్చును, సందులు మూసికొనును. నేడట్టి ఓర్పునకు కూలి యిచ్చువారు లేరు.

ముంగిటి గచ్చును విడిచి చెఱువుకట్టకు పోవుదుము. దారి తప్పితినని తలపవలదు. చెఱువుకట్ట యనునది నీటితో నిత్యము పోరాడు కట్టడము. దానిని కట్టినవారికి తెలిసినంత మఱియెవరికిని తెలియదు. కడప మండలమున పోరుమామిళ్ళలో 1369 నాటి సంస్కృత శాసనము కలదు. బుక్కరాయల కుమారుడగు భాస్కర భవదూరుడు ఉదయగిరి నుండి పాలించుచు త్రవ్వించిన చెఱువును గూర్చినది. దినమునకు వేయిమంది కూలివాండ్రు, రాళ్ళు తోలుటకు నూఱు బండ్లు, రెండేండ్ల కాలము పనిచేసిరని అందున్నది. చెఱువునకు పండ్రెండు సాధనములను, ఆఱు దోషములను లెక్కించిరి. జలశాస్త్రమెఱిగినవాడుండవలెను, గట్టినేల యుండవలెను, చెంతనే రాతిగని యుండవలెను, నేర్పరులగు పనివాండ్రుండవలెను అని సాధనములు. దోషములలో కట్టనుండి నీరు ఊరుట యొకటి, చవుటినేల మఱియొకటి. కట్టమీదినుండి పొర్లు నీరు కంటికి కనబడును. కట్టలోపల ఊరు నీరు కనబడదు. అది చీమ బారువలె మన్నును మోసికొనిపోవును. ఆ ఊటనే మనవారు దోషముగా వ్రాసికొనిరి. రాజుగారి దానములనే గాక కట్టడపు తప్పులను కూడ రాతిమీద చెక్కించిన శాసనములు నేను చదివినవానిలో మిక్కిలి తక్కువ.

అంతకు ఐదేండ్ల ముందు, 1364లో, బుక్కరాయల మంత్రియగు చిక్కప్ప ఒడయరు పండమేరునకు అడ్డముగా కట్ట వేయించి, దాని రెండు కొనలయందు రెండు ఊళ్ళు నిలిపెననియు, అవియే బుక్కరాయసముద్రము, అనంతసాగరమనియు చెప్పుదురు. అనంతసాగరమే మన అనంతపురము. పట్టణమే చెఱువుకట్ట కొనను పుట్టినదన్నమాట. ఆ చెఱువు నిండి కట్ట తెగబోయినపుడు బసిరెడ్డి కోడలు ముసలమ్మ తన్ను తాను బలియిచ్చి ఊరిని కాపాడెనను కథ మీరు విన్నదే. బ్రౌనుదొర సేకరించిన అనంతపుర చరిత్రలోని ఆ కథనే కట్టమంచి రామలింగారెడ్డిగారు కావ్యముగా వ్రాసిరి. కథను కథగానే విని ఊరకుండరాదు. చెఱువునకు మరవ యేల పెట్టిరి? నిండిన నీరు తనకు వలసిన దారిని తాను వెదకుకొనకముందే, మనము వలయునన్న చోట దారి చూపుటకు. మరవ చాలని చెఱువునకు గండి తప్పదు. గండిపడిన ఊరిలో ఎవరింటి కోడలో బలి కావలసియుండును.

తరువాత దొరల కాలము. 1800లో నిజాము మన మండలములను కుంపిణీవారి కిచ్చెను. దత్తమండలములను పేరు వచ్చెను. (ఆ పేరు నచ్చక 1928లో నంద్యాల సభలో రాయలసీమ యని మార్చుకొంటిమి, ఆ పేరు సూచించిన చిలుకూరి నారాయణరావుగారు అనంతపురపు కళాశాలలోనే పనిచేసినవారు.) సీమలో కంకర బాటలు వచ్చినది ఈ కాలముననే. ఇంగ్లండు, స్కాట్లండు దేశములలో 1820 ప్రాంతమున మకాడమను నాతడు బాటలను గూర్చి ఒక చిన్నమాట చెప్పెను. బరువును మోయునది పైని కంకర కాదు, క్రింది నేలయే. ఆ నేల పొడిగా నున్నంతకాలము ఎంత బరువునైన మోయును. కావున కంకర పని యెల్ల ఆ నేలకు కప్పుగా నుండి తడి చేరనీయకుండుటయే, అని. పోరుమామిళ్ళ శాసనకర్తకును మకాడముకును నడుమ నాలుగున్నర శతాబ్దములు, ఒక సముద్రము కలవు. చెప్పినమాట మాత్రము దాదాపొక్కటియే.

మన బాటల కంకర ఎవరు కొట్టిరో కూడ చెప్పవలెను. 1876 మొదలు 1878 వఱకు వచ్చిన ధాత కరువులో పనిపాటలు లేక చచ్చుచున్న జనమునకు సర్కారు చూపిన పని రాళ్ళు కొట్టుటయు, బాటలు వేయుటయు, చెఱువులు పూడిక తీయుటయు. 1877లో సర్ రిచర్డు టెంపుల్ అను అధికారి వచ్చి, కూలిని దినమునకు ఒక పౌను ధాన్యమునకును, కొద్దిపాటి చిల్లరకును తగ్గించెను. అరసేరు గింజలకు దినమంతయు రాళ్ళు కొట్టిన స్త్రీలు, పిల్లలు ఎందఱో. మన ముత్తాతలు ఆ కరువును గూర్చి మాటలాడునపుడు గొంతు తగ్గించెడివారు.

ఇప్పుడు సిమెంటు. సున్నపురాతిలో బంకమన్ను కలిసియున్నచో ఆ సున్నము నీటిలోను గట్టిపడునని 1756లో స్మీటను అను ఇంజనీరు సముద్రములో దీపస్తంభము కట్టుటకై పరీక్షించుచు కనుగొనెను. 1824లో ఆస్ప్‌డిను అను ఇటుకపని మేస్త్రీ సున్నపురాతిని బంకమన్నును కలిపి కాల్చి చేసిన పొడికి పోర్ట్‌లండు సిమెంటని పేరిడి సర్కారు హక్కు పొందెను. మన దేశమున 1904లో మద్రాసులో చేసిన తొలి యత్నము నిలువలేదు. 1914లో పోరుబందరులో చేసినది నిలిచెను. అమెరికాలో బెల్‌ఫౌంటెను అను చిన్నయూరిలో 1891లో బార్తొలొమ్యూ అను నాతడు ఊరి వీథికి మొట్టమొదట కాంక్రీటు పోసెను. ఊరివారు నమ్మక, ఐదేండ్ల వఱకు చెడదని ఐదువేల డాలర్ల పూచీ వ్రాయించుకొనిరట. ఆ ఊరివారి తెలివికి నమస్కరింపవలెను. మన పంచాయతీలలో ఎవరైన అట్టి పూచీ అడిగిరేని నాకు తెలియజేయుడు.

తెలుగువారిలో హైదరాబాదు నగరవాసులు 1930 ప్రాంతముననే సిమెంటు వీథులను చూచిరి. మన మెట్టసీమకు అది చాల ఆలస్యముగా వచ్చినది. అయితే సిమెంటు వచ్చినంతమాత్రమున సున్నము సిగ్గుపడి తొలగలేదు. హోసపేట చెంత 1945 నుండి 1953 వఱకు కట్టిన తుంగభద్ర ఆనకట్ట, మన అనంతపురమునకు ఎగువకాలువ నీరిచ్చు ఆ మహానిర్మాణము, సున్నము, ఇటుక పొడి కలిపిన సుర్కీతో కట్టిన రాతిపని. 2024 ఆగస్టులో ఆ ఆనకట్టకు ఒక తలుపు గొలుసు తెగి కొట్టుకొనిపోయినది. తెగినది ఇనుము, సున్నపు గోడ చెక్కుచెదరలేదు. ఈ మాట సిమెంటును నిందించుటకు కాదు, మన బేల్దారులకు కొంత ధైర్యము కలుగుటకు చెప్పితిని.

గత శతాబ్దము కడపటి దశకమున తాడిపత్రి సున్నపురాళ్ళను నమ్ముకొని సిమెంటు కర్మాగారములు వెలసినవి. నాపబండలిచ్చిన నేలయే సిమెంటును కూడ ఇచ్చెను. 2006 ఫిబ్రవరి 2వ తేదీన నార్పల మండలములోని బండ్లపల్లిలో దేశమంతటికి చెందిన ఉపాధి హామీ పథకము ప్రారంభమైనది. కరువుపనికి చట్టపు హక్కు మన జిల్లాయందే మొదలగుట చిన్న సంగతి కాదు. ధాత కరువు నాటి అరసేరు గింజలను తలచుకొన్నవారికి దాని విలువ తెలియును. ఆ పథకపు సామగ్రి నిధులను చేర్చుకొని తరువాతి కాలమున ఊరూర సిమెంటు వీథులు పోసిరి. వీథి గట్టిపడగానే ఇంటింటి ముంగిలియు గట్టిపడినది. బురద పోయినది, ముదుసలులు జాఱిపడుట తగ్గినది. ఇది మేలే.

కాని ఎట్లు పోసిరి? నేను ఉద్యోగము విరమించి ఊరికి వచ్చిన తరువాత మా వీథి గచ్చు రెండు వానకాలములకే నడుమ చీలినది. పని చేయించినవారి పేరు మనకక్కఱలేదు. మా ఊరి ముదుసలి బేల్దారి యొకడు కఱ్ఱతో ఆ గచ్చును తట్టుచు పోయెను. కొంతదూరము ఘంటవలె మ్రోగెను. చీలిక దగ్గఱ కుండవలె మ్రోగెను. “అయ్యవారూ, ఇది పగులు కాదు, డొల్ల. పైన ఎంత పూసినా ఇంతే” అనెను. పలుగుతో ఒక మూల లేపి చూడగా క్రింద జానెడు ఖాళీ కలదు. ప్రక్కయిండ్ల మిద్దెనీరు గొట్టములనుండి గచ్చు అంచునకే పడి, లోపలికి దిగి, మన్నును ఊడ్చుకొని కాలువలోనికి పోయినది. ఆ కఱ్ఱచప్పుడు ఏ కొలత యంత్రమునకు తక్కువ కాదు. మీ మీ గచ్చులను మీరును అట్లే తట్టి చూడవచ్చును.

ఇక పని చేయు క్రమము కొంత వివరించెదను. ఇది చెప్పక చరిత్ర చెప్పుట వట్టిమాట. రేగడినేలయైనచో పైమన్నును కనీసము అడుగున్నర లోతు తీసివేసి గరుసు నింపవలెను. గరుసును ఒక్కమాఱుగ పోయక అఱగడుగు చొప్పున పొరలుగా పోసి, తడిపి, దిమ్మిస వేయవలెను. ఎఱ్ఱనేలలో ఇంత అక్కఱలేదు గాని అంచులయందు మన్ను కొట్టుకొనిపోకుండ రాతికట్టు తప్పదు. మనుష్యులు, ఎద్దులు నడచు ముంగిటికి నాలుగంగుళముల మందము చాలును. ట్రాక్టరు వచ్చు బాటకు ఆఱంగుళములుండవలెను. అడుగునకు పావు అంగుళము చొప్పున వాలు ఇంటినుండి వెలుపలికి దింపవలెను. గోడకును గచ్చునకును నడుమ వ్రేలెడు సందు విడిచి తారుతో నింపుడు. లేనిచో గచ్చు ఎండకు పెరిగి గోడను త్రోయును.

సిమెంటు గచ్చు ఎండునపుడు ముడుచుకొనును. ముడుచుకొనునది చీలక మానదు. చీలవలదని ఆజ్ఞాపించుటకు మనము ప్రభువులము కాము. ఎచ్చట చీలవలెనో మాత్రము మనము చెప్పవచ్చును. నాలుగంగుళముల గచ్చునకు ఎనిమిది పదియడుగుల కొకచోట, మందములో నాలుగవపాలు లోతుగ గాడి కోసినచో చీలిక ఆ గాడిలోనే పడి కంటికి కనబడదు. తాడిపత్రి బండల నడుమ మన పెద్దలు విడిచిన సందు ఇదియే. ఏబది అడుగుల వీథిని ఒక్కపలకగా పోసి, నడుమ చీలినదని ఏడ్చుట ఎవరి తప్పు?

నీరు విషయమున రెండు తప్పులు జరుగును. రెండును పరస్పర విరుద్ధములు. కలుపునపుడు ఎక్కువ పోయుదురు, పోసిన పిమ్మట తక్కువ పోయుదురు. ఏబది కిలోల బస్తాకు ఇరువదియైదు మొదలు ఇరువదియేడు లీటర్లు చాలును. ఇసుక తడిగానున్నచో ఇంకను తగ్గింపవలెను. అంబలివలె జారుగా నున్నచో చేయి నొప్పిలేదు, తాపీకి సుఖము. కాని ఎక్కువైన నీరు ఆవిరియై పోయినచోట నెల్ల సన్నని రంధ్రములు మిగులును, బలము సగము తగ్గును. పోసిన మఱునాటినుండి మాత్రము పది పదునాలుగు దినములు తడి ఆఱరాదు. వరిమళ్ళవలె మట్టితో చిన్న గట్లు వేసి నీరు నిలుపవలెను, లేదా గోనెపట్టలు కప్పి తడుపుచుండవలెను. సిమెంటు ఎండి గట్టిపడదు, నీరు త్రాగి గట్టిపడును. త్రాగుటకే నీరు లేని ఊరిలో గచ్చునకు పోయుట కష్టమే. అందుచేతనే ఏప్రిలు, మే నెలలలో ఈ పని పెట్టుకొనక, వానలు వెనుకబట్టిన కార్తిక మార్గశిరములలో పెట్టుకొనుట మేలు. అప్పుడు బావులలో నీరుండును, గాలి వేడిగా నుండదు. పోసిన దినముననే అకాలవాన వచ్చినచో పట్టా కప్పుడు. పైపూత కొట్టుకొనిపోయినదని పొడి సిమెంటు చల్లువారు కలరు. అది మఱుసటి యేటికి పొట్టువలె లేచిపోవును.

మరమ్మతునకు వచ్చెదము. పగుళ్ళు మూడు విధములు. వెంట్రుకవంటి పగులును ముట్టవలదు. రూపాయి బిళ్ళ దూరు పగులును ఉలితో కొంచెము వెడల్పు చేసి, దుమ్ము ఊది, తడిపి, చిక్కని సిమెంటు పాలు పోసి, ఇసుక సిమెంటు గట్టిగ క్రుక్కవలెను. ఒక ప్రక్క ఎత్తు, ఒక ప్రక్క పల్లమై మెట్టుపడిన పగులున్నచో అది అడుగుచెడిన గుర్తు. అచ్చట మీద అంగుళపు పూత వేయించుట డబ్బు మట్టిపాలు చేయుటయే. పాతదానికి క్రొత్తది అంటదు, రెండు వేసవులకు పెంకులై ఊడిపోవును. ఆ పలకను గాడినుండి గాడివఱకు పగులగొట్టి తీసి, నీరు ఎచ్చటినుండి వచ్చుచున్నదో ముందు కనుగొని, దానిని మళ్ళించి, గరుసు క్రుక్కి, మరల పోయవలెను. కుంగిన నాపబండను గడ్డపారతో లేపినవాడు చేసిన పనియే ఇది. మా వీథిలో కడకు అట్లే చేయించితిమి. మిద్దెగొట్టములకు చిన్నకాలువ త్రవ్వించినది మొదట. గచ్చు పోసినది తరువాత. ఈ వరుస తాఱుమాఱు చేయుటకు కొందఱు తొందరపడిరి గాని ఆ ముదుసలి బేల్దారి ఒప్పుకొనలేదు.

ఒక్క సంగతి మిగిలినది. 2022 అక్టోబరులో పండమేరు పొంగి అనంతపురము నగరపు పల్లపువాడలలోనికి నీరు వచ్చెను, జనము మిద్దెలెక్కిరి. చిక్కప్ప ఒడయరు అడ్డుకట్ట వేసిన వంకయే అది. ఎగువ చెఱువులు నిండి పొర్లినవి, వంకలు ఇండ్లతో ఇఱుకైనవి. దానికి తోడు, ఒకప్పుడు కొంతనీరు త్రాగెడి వీథులు, ముంగిళ్ళు నేడు చుక్క త్రాగవు. ఇరువది అడుగుల పొడవు, పదునైదడుగుల వెడల్పు గల ముంగిటిమీద ఐదు సెంటీమీటర్ల వాన పడినచో సుమారు 1,400 లీటర్లు, మన లెక్కకు తొంబది బిందెల నీరు. నూఱిండ్ల ఊరిలో అది తొమ్మిదివేల బిందెలు. గంటలో వీథిని బడి పోవును. అదే ఊరిలో ఫాల్గుణము రాకముందే బోర్లు ఎండి, ట్యాంకరు కొఱకు బిందెలు వరుసలో పెట్టుదురు.

కావున గచ్చునకు వాలు పెట్టునపుడే ఆ వాలు కొనను దేనికి దింపవలెనో నిర్ణయింపవలెను. చెఱువునకు మరవవలె ముంగిటికిని ఒక మరవ. ఎఱ్ఱనేలలో గోడకు పదియడుగుల దూరమున నాలుగడుగుల చదరము, ఆఱడుగుల లోతు గుంత త్రవ్వి, అడుగున పెద్దరాళ్ళు, మీద కంకర, ఆపైన ముతక ఇసుక నింపిన చాలును. ఏడాదికొకమాఱు వానలకు ముందు పై ఇసుక తీసి కడిగి మరల పోయవలెను. రేగడినేలలో గుంత ఇంకదు. నీరు నిలిచి దోమలు చేరును. అచ్చట చిన్నకాలువ తీసి వేపచెట్టు పాదులోనికో, పెరటి కరివేపాకు మడిలోనికో, మిగిలినది చెఱువునకు పోవు వంకలోనికో విడువవలెను. వీథి యందఱిదీ గనుక దాని నీరు ఎవరి ముంగిటినుండి పోవలెనను తగవు తప్పదు. ఆ తగవును వానకు ముందే, వైశాఖమాసమున, రచ్చకట్టమీద కూర్చుండి తీర్చుకొనుట మీ చేతిలోని పని.